మందుల చీటీల రికార్డు: రిజిస్టరా, బిల్ బుక్కా, కంప్యూటరా?

మీ మెడికల్ షాపు లైసెన్సు ఫైలు తీసి, దరఖాస్తుతో పాటు ఇచ్చిన కాగితాల్లో ఒక లేఖ ఉందేమో చూడండి. డాక్టరు చీటీ మీద అమ్మిన మందుల వివరాలను ప్రిస్క్రిప్షన్ రిజిస్టరులో రాస్తామనో, క్యాష్ మెమో పుస్తకంలో (బిల్ బుక్కులో) రాస్తామనో లైసెన్సింగ్ అథారిటీకి మీరు రాసిచ్చిన లేఖ అది. కన్సల్టెంటు నింపుకొచ్చిన కట్టలో ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టిన యజమానులకు అలాంటి లేఖ ఒకటుందనే గుర్తుండదు. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ వచ్చి రికార్డు అడిగినప్పుడు మీరు ఏది చూపించాలో తేల్చేది మాత్రం ఆ కాగితమే.

1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు ఈ ఎంపికను మనకే వదిలింది. దుకాణంలో కలిపి తయారు చేయకుండా, కంపెనీ డబ్బాలోంచి గానీ డబ్బాతో గానీ ఇచ్చే మందులకు రెండు దారులున్నాయి: ప్రత్యేకమైన ప్రిస్క్రిప్షన్ రిజిస్టరు, లేదా వరస నంబర్లున్న క్యాష్/క్రెడిట్ మెమో పుస్తకం. కంప్యూటర్ బిల్లు ఈ రెండో దారిలోంచి పుట్టుకొచ్చిందే తప్ప మూడో దారి కాదు. దాన్ని వేరే దారి అనుకోవడం వల్లే చాలా చిక్కులు వస్తాయి.

స్ట్రిప్ కోసి నాలుగు మాత్రలు ఇస్తే అది కూడా కంపెనీ డబ్బాలోంచి ఇచ్చినట్టే, కాబట్టి మెమోలో రాస్తే సరిపోతుంది. వేరే కవరులో వేసి ఇస్తే మాత్రం దాని మీద మందు పేరు, ఎన్ని ఇచ్చారు, దుకాణం పేరు, చిరునామా ఉండాలి. ఆయింట్‌మెంట్లు, మిక్స్చర్లు కలిపి ఇచ్చే షాపుకు ఎంపిక లేదు. కలిపిన ప్రతి మందూ దాని పాళ్లతో సహా రిజిస్టరులోకి ఎక్కాల్సిందే.

ఏం రాయాలి

దారి ఏదైనా రాయాల్సిన వివరాలు ఒకటే: వరస నంబరు, తేదీ, డాక్టరు పేరు చిరునామా, రోగి పేరు చిరునామా, మందు పేరు, పరిమాణం, దగ్గరుండి ఇప్పించిన ఫార్మసిస్టు సంతకం. డ్రగ్స్ రూల్స్ జాబితాల్లోని షెడ్యూల్ సి, షెడ్యూల్ హెచ్ (డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి) మందులైతే కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ కూడా రాయాలి. ఇన్సులిన్, టీకాలు సి కిందికి వస్తాయి. పశువుల మందైతే రోగి పేరున్న చోట యజమాని పేరు వస్తుంది.

ఒక వెసులుబాటు ఉంది, చాలామంది వాడుకోరు. సి, హెచ్ కాని మందును విప్పని డబ్బాతో ఇచ్చి, చీటీ మీద దుకాణం పేరు, తేదీ ముద్ర వేస్తే ఈ వివరాలన్నీ రాయక్కర్లేదు. మామూలు బిల్లు మాత్రం ఇవ్వాలి. విటమిన్ సీసాకు డాక్టరు చిరునామా రాస్తూ కూర్చోవడం వృథా. ఆ సమయాన్ని విడి రిజిస్టరు రాయాల్సిన షెడ్యూల్ హెచ్1 మందులకు వాడండి.

షెడ్యూల్ హెచ్ మందు ఇచ్చేటప్పుడు చీటీ మీద డాక్టరు సంతకానికి పైన దుకాణం పేరు, చిరునామా, ఇచ్చిన తేదీ ఉండాలి. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టరు రాయకపోతే ఆ చీటీ ఒక్కసారికే చెల్లుతుంది. మూడు నెలల కిందటి చీటీ తెచ్చి 'ఎప్పుడూ ఇక్కడే కొంటాం కదా' అనేవాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇదే. హెచ్, ఎక్స్ (ఇంకా కట్టుదిట్టమైన జాబితా) మందుల్లో రాసినదానికి బదులుగా వేరే తయారీ ఇవ్వడం కూడా 65వ రూలు ఒప్పుకోదు.

రిజిస్టరు: నిదానం, కానీ గట్టిది

కుట్టిన పుస్తకం, పేజీలకు నంబర్లు, మొదటి పేజీలో దుకాణం పేరు, లైసెన్సు నంబరు, మొదలుపెట్టిన తేదీ. ఇంతే సరంజామా. కరెంటు పోయినా, కంప్యూటరు పాడైనా దీనికేం కాదు. ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టగానే నాలుగు పేజీలు తిప్పితే అన్నీ కనిపిస్తాయి.

రిజిస్టరుకు ఇంకో మేలు ఉంది. మళ్లీ ఇవ్వమని డాక్టరు రాసిన చీటీ మీద రెండోసారి మందు ఇచ్చేటప్పుడు కొత్త వరస నంబరు, తేదీ, పరిమాణం, పాత ఎంట్రీ నంబరు రాస్తే చాలు. బీపీ, షుగరు మందులకు నెలనెలా వచ్చే పాత ఖాతాదార్లు ఎక్కువగా ఉన్న చోట ఇది బాగా కలిసొస్తుంది.

కష్టమల్లా వేగంలోనే. ఒక్కో మందుకు పది గళ్లు నింపాలి. సాయంత్రం క్లినిక్కులు వదిలే వేళ కౌంటరు ముందు ఆరుగురు నిలబడితే ఏ ఫార్మసిస్టూ అక్కడికక్కడే రాయలేడు. 'రాత్రి రాద్దాం' అన్న దగ్గరే రికార్డు చెడిపోవడం మొదలవుతుంది. రూలు అడిగేది మందు ఇచ్చిన వేళకే ఎంట్రీ. రాత్రి ఒకే ఊపులో రాసిన అరవై ఎంట్రీలకు ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే ఒత్తిడి ఉంటాయి. అనుభవమున్న ఇన్‌స్పెక్టర్ ఆ పేజీ చూసిన వెంటనే ఆ రోజు బిల్లుల టైము అడుగుతారు.

ఎంట్రీ తప్పిపోతే వెనక్కి వెళ్లి ఖాళీ గళ్లలో ఇరికించకండి. కనిపెట్టిన రోజు వరసలో 'ఫలానా తేదీ, ఫలానా బిల్లు, తర్వాత చేర్చినది' అని రాసి సంతకం పెట్టండి. తప్పు పడిన అంకెను ఒక గీతతో కొట్టేసి పక్కన సరైనది రాయండి. వైట్‌నర్ పూస్తే చిన్న తప్పు కూడా దాచిన తప్పులా కనిపిస్తుంది.

బిల్ బుక్కు: చిన్న షాపుకు తగినది

చీటీ మందుల కోసం విడిగా అచ్చు వేయించిన క్యాష్ మెమో పుస్తకమే ఇది. మామూలు బిల్ బుక్కులో డాక్టరు, రోగి చిరునామాలకు, బ్యాచ్‌కు, ఎక్స్‌పైరీకి గళ్లు ఉండవు. అచ్చు వేయించేటప్పుడే వాటిని పెట్టించండి, కింద ఫార్మసిస్టు సంతకానికి గీత వేయించండి. దుకాణం పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, వరస నంబరు ఎలాగూ ఉండాలి. మళ్లీ అచ్చు వేయించినప్పుడు నంబరు ఒకటి నుంచి మొదలవకుండా చూసుకోండి. మొదలైతే పుస్తకానికో అక్షరం పెట్టించండి. ఒకే నంబరు మీద రెండు బిల్లులుంటే అది ఎందుకొచ్చిందో చెప్పుకోవడం కష్టం.

దీనిలో ప్రాణమంతా కార్బన్ కాపీలో ఉంది, ఎందుకంటే అసలు రోగి చేతికి వెళ్లిపోతుంది. కాపీలో అక్షరాలు చదవలేకుండా ఉంటే లైసెన్సింగ్ అథారిటీ మీ ఎంపికను పక్కనపెట్టి, ఇకపై రిజిస్టరే రాయాలని ఆదేశించవచ్చు. రూలులోనే ఉన్న మాట ఇది. కాబట్టి జెల్ పెన్ను కౌంటరు మీద ఉంచకండి, దానితో ఒత్తిడి కాపీకి చేరదు. బాల్ పెన్ను వాడండి, పుస్తకం కింద గట్టి అట్ట పెట్టండి, కార్బన్ పాలిపోగానే మార్చండి. అన్నిటికన్నా ముఖ్యం, సంతకం అసలు మీద పెట్టేటప్పుడే కార్బన్ కింద ఉండాలి. సంతకం లేని కాపీలు బిల్ బుక్కు షాపుల్లో పదేపదే కనిపించే లోపం.

బిల్ బుక్కు బలహీనత వెతకడంలో ఉంది. 'ఈ బ్యాచ్ ఎవరెవరికి ఇచ్చారు' అని అడిగితే కాపీలన్నీ తిప్పాలి. కంపెనీ ఏదైనా బ్యాచ్‌ను వెనక్కి పిలిచినా అదే తంటా. రోజుకు నలభై యాభై బిల్లుల లోపు ఉన్న షాపులో ఇది భరించదగ్గదే, దాటితే కాదు.

కంప్యూటర్ బిల్లు: వేగం దీనిది, తప్పులూ దీనివే

కొన్న బిల్లు ఒకసారి ఎక్కిస్తే బ్యాచ్, ఎక్స్‌పైరీ, కంపెనీ పేరు వాటంతట అవే బిల్లులోకి వస్తాయి. వెతకడానికి క్షణం చాలు. జీఎస్టీ లెక్కకు ఎలాగూ కావాలి. ఇప్పుడు షాపు పెట్టేవాళ్లలో ఎక్కువమంది దీనికే వెళ్తారు, అది సరైనదే. కాకపోతే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు చెప్పని నాలుగు చోట్ల ఇది దెబ్బతీస్తుంది.

మొదటిది బ్యాచ్. సాఫ్ట్‌వేర్ ముందుగా ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచ్‌ను ఎంచుకుంటుంది. కౌంటరు కుర్రాడి చెయ్యి దగ్గర్లో ఉన్న డబ్బాకు పోతుంది. డబ్బా మీది మామూలు బార్‌కోడ్ సరుకేదో చెబుతుంది గానీ బ్యాచ్ చెప్పదు. దాంతో బిల్లు మీద ఒక బ్యాచ్, రోగి చేతిలో ఇంకో బ్యాచ్. ఒకే మందుకు రెండు బ్యాచ్‌లు వస్తే పాతది ముందు, కొత్తది వెనక పెట్టడం, బిల్లు ఇచ్చే ముందు స్ట్రిప్ మీది ఆఖరి మూడు అక్షరాలు సరిచూడడం తప్ప దీనికి మందు లేదు.

రెండోది పేర్లు. డాక్టరు గడిలో మొదట కొట్టిన పేరు అలాగే నిలిచిపోతుంది. నెల తిరిగేసరికి పిల్లల మందు నుంచి గుండె మందు దాకా అన్నీ ఒకే డాక్టరు రాసినట్టు తేలుతుంది. రోగి గడిలో 'క్యాష్' అని ఉంటుంది. హెచ్, హెచ్1 మందు ఎంచుకోగానే ఈ రెండు గళ్లు ఖాళీగా ఉంటే బిల్లు సేవ్ కాకుండా సెట్ చేయించండి. ఆ సౌకర్యం లేని సాఫ్ట్‌వేర్‌ను మెడికల్ షాపుకు కొనకండి. మిగతావన్నీ ఉన్నా సరే.

మూడోది కాగితం. థర్మల్ రోల్ మీద అచ్చు వేసిన కాపీ కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. రెండేళ్లు దాచాల్సిన రికార్డు తెల్ల కాగితంగా మిగులుతుంది. రోగికి థర్మల్ బిల్లు ఇచ్చినా ఫర్వాలేదు, దుకాణం కాపీ మాత్రం డాట్ మ్యాట్రిక్స్ మీద రెండు పొరల కాగితంతో తీయండి, లేదా లేజర్ ప్రింటు తీయండి. ఫార్మసిస్టు సంతకం ఈ కాపీ మీదే పడాలి. స్క్రీన్ మీద ఫార్మసిస్టు పేరు వచ్చినంత మాత్రాన సంతకం అయిపోదు, రబ్బరు ముద్ర కూడా సంతకం కాదు.

నాలుగోది తీసేసిన బిల్లులు. వరసలో 1041 తర్వాత 1043 ఉంటే మధ్యది ఏమైందని అడుగుతారు. బిల్లు డిలీట్ చేసే హక్కు కౌంటరు లాగిన్‌కు ఇవ్వకండి. రద్దు చేస్తే రద్దయినట్టుగా కారణంతో నిలవాలి. ఏప్రిల్ 1న కొత్త సంవత్సరం తెరిచినప్పుడు నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి ముందు సంవత్సరం గుర్తు పెట్టించండి. పాత సంవత్సరాల డేటా కొత్త మిషన్‌లో తెరుచుకుంటోందో లేదో అప్పుడే చూసుకోండి. బ్యాకప్ రోజూ రాత్రి తీసి, వారానికోసారి షాపు బయట ఉండే కాపీ మార్చండి.

రెండు మూడు శాఖలున్నవాళ్లు ఒక మాట గమనించండి: లైసెన్సు ప్రతి చోటుకూ విడిగా ఉంటుంది, రికార్డు కూడా అంతే. 'సర్వర్ హెడ్ ఆఫీసులో ఉంది' అన్నది తనిఖీలో జవాబు కాదు. ఆ కౌంటరులోనే తెరిచి ప్రింటు ఇవ్వగలగాలి.

హెచ్1 పుస్తకాన్ని దేనిలోనూ కలపకండి

పైన ఏది ఎంచుకున్నా షెడ్యూల్ హెచ్1 మందులకు విడి రిజిస్టరు ఉండాలి. 2013 ఆగస్టులో నోటిఫై అయి, 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న నియమం ఇది. డాక్టరు పేరు చిరునామా, రోగి పేరు, మందు పేరు, పరిమాణం, ఈ నాలుగూ మందు ఇచ్చినప్పుడే రాయాలి. మూడేళ్లు దాచాలి. తేదీ, బిల్లు నంబరు, బ్యాచ్‌కు కూడా గళ్లు గీసుకోండి. ఆ మూడూ లేని హెచ్1 పుస్తకంతో స్టాకు సరిచూడడం కుదరదు.

మొదట వచ్చినప్పుడు జాబితాలో 46 మందులున్నాయి. సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, టీబీ మందులైన రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, నిద్రకు, ఆందోళనకు వాడే ఆల్ప్రాజోలం, డయాజెపామ్, జోల్పిడెమ్, నొప్పికి వాడే ట్రమడాల్, దగ్గు మందుల్లోని కొడీన్ అన్నీ ఇందులోవే. డబ్బా మీద ఎర్ర గీతల చట్రంలో హెచ్చరిక, ఎర్ర ఆర్ఎక్స్ గుర్తు ఉంటాయి. కాంబినేషన్‌లో ఒక్కటి ఈ జాబితాలో ఉన్నా ఆ మందు హెచ్1 కిందే లెక్క, కాబట్టి సెఫిక్సిమ్‌తో కలిపి వచ్చే మాత్రలన్నీ ఇక్కడికే వస్తాయి.

ఎక్కువ షాపులు తప్పేది కంటి చుక్కల దగ్గర. పైపూతకు వాడేవాటికి హెచ్1లో మినహాయింపు ఉంది, కానీ కంటి, చెవి, ముక్కు మందులను ఆ మినహాయింపు నుంచి తీసేశారు. అంటే మాక్సిఫ్లాక్సాసిన్ చుక్కల సీసా అమ్మినా హెచ్1 పుస్తకంలో ఎంట్రీ పడాలి. కంటి ఆసుపత్రి పక్కన షాపున్నవాళ్ల పుస్తకం ఒక్క చుక్కల మందు కూడా లేకుండా ఉంటే, ఇన్‌స్పెక్టర్‌కు అంతకంటే సులువైన తప్పు ఇంకోటి దొరకదు.

కాగితం మీద రాయాలా, కంప్యూటరులో తీయాలా? రోజుకు పది పదిహేను హెచ్1 ఎంట్రీల దాకా చేత్తో రాసిన పుస్తకమే మేలు. అంతకు మించితే కంప్యూటరు నుంచి హెచ్1 రిపోర్టును రోజూ షాపు కట్టే ముందు ప్రింటు తీసి, ఫార్మసిస్టు సంతకంతో తేదీ వరసలో ఫైలు చేయండి. నెలాఖరున ఒకేసారి తీసిన రిపోర్టు అక్కడికక్కడే రాసిన రికార్డు అనిపించుకోదు. పైగా సాఫ్ట్‌వేర్‌లోని మందుల జాబితాలో (మాస్టరులో) ఏ మందుకు 'హెచ్1' గుర్తు పెట్టారో అదే రిపోర్టులోకి వస్తుంది. కొత్త బ్రాండు ఎక్కించినప్పుడు ఆ గుర్తు పెట్టడం మరిస్తే నెలల తరబడి అది కనిపించదు. కొత్త సరుకు ఎక్కించే పని ఫార్మసిస్టుదే కావాలి, కౌంటరు కుర్రాడిది కాదు.

టీబీ మందులు అమ్మేవాళ్లకు మరో బాధ్యత ఉంది. 2018 మార్చి 16 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం చీటీ మీద టీబీ మందులు ఇచ్చిన దుకాణాలు కూడా రోగి వివరాలను ఆరోగ్య శాఖకు తెలియజేయాలి. హెచ్1 పుస్తకం సరిగా ఉంటే ఆ వివరాలు అందులోంచే తీయవచ్చు.

షెడ్యూల్ ఎక్స్ సంగతి వేరు. కెటమిన్, మిథైల్‌ఫెనిడేట్ లాంటివి అమ్మాలంటే ఫారం 20-ఎఫ్ లైసెన్సు కావాలి. చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి మీ దగ్గర రెండేళ్లు ఉండాలి. పేజీ నంబర్లతో కుట్టిన రిజిస్టరు, ఒక్కో మందుకు విడి పేజీలు, తాళం వేసిన బీరువా. ఇక్కడ కంప్యూటరు గురించి ఆలోచించనే వద్దు. నెలకు రెండు మూడు చీటీలు కూడా రాని షాపు ఈ లైసెన్సు తీసుకోకపోవడమే నయం.

ఎన్నేళ్లు దాచాలి

వేర్వేరు చోట్ల వేర్వేరు గడువులున్నాయి. డ్రగ్స్ రూల్స్ కింద మామూలు రికార్డులు చివరి ఎంట్రీ నుంచి రెండేళ్లు, హెచ్1 మూడేళ్లు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ఫార్మసిస్టును రోగుల చీటీ రికార్డులు ఐదేళ్లు ఉంచమంటాయి, రోగి గానీ అధికారులు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వమంటాయి. జీఎస్టీ చట్టం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచమంటుంది. కాబట్టి బిల్లుల డేటా ఎలాగూ ఏడేళ్ల దాకా ఉంటుంది. రిజిస్టర్లు, సంతకాలున్న కాపీలు ఐదేళ్లు ఉంచితే డ్రగ్స్, ఫార్మసీ నియమాల లెక్కకు తగ్గదు. అట్టపెట్టె మీద నెల, సంవత్సరం, బిల్లు నంబర్లు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో రాసి, నేల మీద కాకుండా పైన పెట్టండి. చెద, తడి తిన్న రికార్డు లేని రికార్డే.

ఏజెన్సీ బిల్లులను మరవకండి. కొన్న బిల్లులకు మీరే వరస నంబరు వేసి, తేదీ క్రమంలో ఫైలు చేయాలి. రిజిస్టరు ఎంత చక్కగా ఉన్నా కొన్న కాగితం దొరకకపోతే అమ్మిన కాగితానికి విలువ లేదు.

ఇన్‌స్పెక్టర్ చూసే తీరుతో పోల్చుకుంటే

లైసెన్సున్న ప్రతి షాపునూ ఏడాదికి ఒక్కసారైనా తనిఖీ చేయాలని ఇన్‌స్పెక్టర్లకు 51వ రూలు చెబుతుంది. అలవాటైన పద్ధతి ఇది: షెల్ఫులోంచి ఒక డబ్బా తీస్తారు, కొన్న బిల్లు అడుగుతారు, అమ్మినవి అడుగుతారు, మిగిలినవి లెక్కపెడతారు.

ఒక సెఫిక్సిమ్ బ్యాచ్ తీసుకుందాం. పది మాత్రల స్ట్రిప్పులు 20 కొన్నారు, అంటే 200 మాత్రలు. షెల్ఫులో 7 పూర్తి స్ట్రిప్పులు, కోసిన దాంట్లో 4, మొత్తం 74 ఉన్నాయి. అమ్మినవి 126 తేలాలి. హెచ్1 పుస్తకం 96 చూపిస్తే 30 మాత్రలకు జవాబు లేదు. ఆ 30 సాధారణంగా మూడు చోట్ల దాక్కుంటాయి: పక్క క్లినిక్కు బిల్లు లేకుండా పంపిన స్ట్రిప్పులు, వేరే బ్యాచ్ పేరు మీద పడిన బిల్లులు, ఏజెన్సీకి తిప్పి పంపి క్రెడిట్ నోటు ఎక్కించనివి. మొదటిదానికి క్లినిక్ డాక్టరు సంతకం చేసిన ఆర్డరు కావాలి, దాన్ని రెండేళ్లు దాచాలి. నెలకోసారి ఐదు హెచ్1 మందులు ఎంచుకుని ఈ లెక్క మీరే వేసుకోండి. బిల్ బుక్కుతో అయితే దీనికి ఒక పూట పడుతుంది, కంప్యూటరుతో పది నిమిషాలు. హెచ్1 వ్యాపారం ఎక్కువగా ఉన్న షాపు కంప్యూటరుకు మారడానికి అసలు కారణం ఇదే, బిల్లు వేగం కాదు.

రికార్డులు స్వాధీనం చేసుకునే అధికారం డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 22వ సెక్షన్ ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చింది. అలా తీసుకుంటే ఫారం 16లో రసీదు ఇవ్వాలి. కాపీలు తీసుకుని 20 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఒకే పుస్తకంతో నడిచే షాపుకు ఆ 20 రోజులు ఇబ్బందే. వెంటనే కొత్త పుస్తకం తెరిచి, మొదటి పేజీలో కారణం, రసీదు తేదీ రాసి, నంబరు ఆగిన చోట నుంచి కొనసాగించండి. అమ్మకం నిలిపే ఆదేశం ఫారం 15లో వస్తుంది, శాంపిల్ తీస్తే ఫారం 17లో తెలియజేస్తారు, దాని ధర చెల్లించజూపాలి. మీకిచ్చిన శాంపిల్ భాగాన్ని సీలు చెదరకుండా దాచండి.

తనిఖీ అయ్యాక ఫారం 35 పుస్తకంలో (షాపులో ఉంచే తనిఖీ పుస్తకంలో) రాసిన లోపాలను చదవకుండా సంతకం పెట్టకండి. 'హెచ్1 రిజిస్టరు లేదు' అని రాయడానికీ 'హెచ్1 రిజిస్టరులో ఫలానా తేదీ వరకే ఎంట్రీలున్నాయి' అని రాయడానికీ షోకాజ్ నోటీసులో చాలా తేడా వస్తుంది. వాస్తవం రెండోదైతే అలాగే రాయమని మర్యాదగా అడగండి. నోటీసు వస్తే ఒక్కో లోపానికి ఒక్కో జవాబు, దాని వెంట కాగితం నకలు ఇవ్వండి. లైసెన్సు సస్పెండ్ చేసినా రద్దు చేసినా 66వ రూలు కింద మూడు నెలల్లోగా రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు.

ఫార్మసిస్టు సెలవులో ఉన్న రోజు బిల్లుల మీద ఆయన సంతకం ఉండడం మాత్రం ఏ జవాబుతోనూ సర్దుకోదు. సెలవు రోజుల్లో వచ్చే రెండో ఫార్మసిస్టు పేరును ముందే లైసెన్సులో చేర్పించండి, లేదా ఆ రోజు చీటీ మందులు ఆపండి. గ్రామాల్లో ఆర్‌ఎంపీలు రాసిచ్చే చీటీలూ అంతే. మెడికల్ కౌన్సిల్‌లో నమోదు లేనివారి చీటీ మీద హెచ్1 మందు ఇచ్చి పుస్తకంలో ఎంత చక్కగా రాసినా, మీ మీద సాక్ష్యం మీరే రాసిపెట్టుకున్నట్టు.

ఎవరికి ఏది

యజమానే ఫార్మసిస్టుగా ఉన్న చిన్న ఊరి షాపుకు గళ్లు సరిగా వేయించిన బిల్ బుక్కు, చేత్తో రాసే హెచ్1 పుస్తకం చాలు. సగం సగం కంప్యూటరు, సగం సగం పుస్తకం నడపడం కంటే ఇది ఎంతో మేలు.

క్లినిక్కుల వీధిలో సాయంత్రం రద్దీ ఉండే షాపుకు కంప్యూటరు, రెండు పొరల కాపీ, రోజువారీ హెచ్1 ప్రింటు. కౌంటరులో ఇద్దరుంటే ఒకరు బిల్లు కొట్టాలి, ఫార్మసిస్టు స్ట్రిప్ సరిచూసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆసుపత్రి లోపలి ఫార్మసీకీ ఇదే, వార్డుల ఆర్డర్లకు మాత్రం విడి ఫైలు.

మందులు కలిపి ఇచ్చే చర్మవ్యాధుల క్లినిక్ పక్కన షాపైతే మిగతావి ఎలా నడిపినా ప్రిస్క్రిప్షన్ రిజిస్టరు ఒకటి తప్పదు. పాత బీపీ, షుగరు రోగులే ఎక్కువగా వచ్చే నిదానమైన షాపులోనూ రిజిస్టరు ఇప్పటికీ పనికొస్తుంది.

మారాలనుకుంటే ముందు లేఖ మార్చాలి. పూర్వం రెన్యువల్ దరఖాస్తుతో ఇది జరిగిపోయేది. 2017 అక్టోబరు సవరణ తర్వాత రెన్యువల్ పోయి, లైసెన్సు నిలుపుకోవడానికి ఐదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కట్టడమే మిగిలింది కాబట్టి ఎవరూ గుర్తు చేయరు. మీ ప్రాంత లైసెన్సింగ్ అథారిటీ అయిన అసిస్టెంట్ డైరెక్టర్‌కు, లైసెన్సు నంబర్లు, ఇప్పటిదాకా ఉన్న పద్ధతి, ఫలానా తేదీ నుంచి పాటించబోయే పద్ధతి రాసి ఇవ్వండి. అందినట్టు ముద్ర వేసిన కాపీ తెచ్చుకుని ఫారం 35 పుస్తకం వెంటే పెట్టండి. పాత పుస్తకంలో చివరి ఎంట్రీ కింద గీత గీసి 'ఇక్కడితో ముగిసింది' అని తేదీ, సంతకం వేయండి. కొత్తది ఆ మర్నాటి మొదటి చీటీతో మొదలుపెట్టండి.